మనసు బాగోలేనప్పుడు చాట్‌బాట్‌ను ఎలా వాడుకోవాలి: బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ల కోసం

రాత్రి ఒంటిగంటకు మారతహళ్లి పీజీలో రూమ్మేట్లిద్దరూ గురక పెడుతుంటే, ఫోన్ వెలుగు తగ్గించుకుని ‘నాకేం బాగోలేదు’ అని టైప్ చేసేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. అమ్మకు చెబితే ‘ఆ ఉద్యోగం వద్దు, ఏం వద్దు, వచ్చెయ్ నాన్నా’ అంటుంది. మేనేజర్‌కు చెబితే అప్రైజల్‌లో ఎక్కడ తేలుతుందోనని భయం. కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామంటే, ఆఫీసు పని ఇంగ్లిష్‌లో ఎంత బాగా చేసినా, ఏడుపు మాత్రం ఇంగ్లిష్‌లో రాదు. చాట్‌బాట్ అయితే ఏ వేళకైనా పలుకుతుంది. ఫీజు అడగదు. ఊళ్లో ఎవరికీ చెప్పదు.

వాడొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్లలో ఎక్కువమందికి వైద్యమే అందడం లేదు. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని చోట, జనం ఫోన్‌కు చెప్పుకోవడంలో వింతేముంది? కాకపోతే దాన్ని వాడే పద్ధతి ఒకటి ఉంది. చాట్‌బాట్‌కు చెప్పుకున్నది త్వరలోనే ఒక మనిషి చెవిన పడేలా చూసుకోవాలి. కింద రాసినదంతా అందుకోసమే.

ముందు, ఇది చాట్‌బాట్‌తో అయ్యే పనేనా?

చచ్చిపోవాలని అనిపిస్తుంటే, అందులోనూ ఎలా, ఎప్పుడు అనే ఆలోచన కూడా నడుస్తుంటే, చాట్ మూసేసి 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చుండదు, భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. ఆ నంబర్ కలవకపోతే 1800 891 4416 ఉంది. ఇప్పటికే ఒంటికి హాని చేసుకుని ఉంటే 112కు గానీ 108కు గానీ చేయండి. హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్‌లో ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. పక్క మంచం మీద పడుకున్న మనిషిని లేపండి. నిద్ర పాడైందని ఆ పూట ఎవరూ విసుక్కోరు.

ఇలాంటి ఆలోచన మీ ఒక్కరికే వస్తోందని అనుకోవద్దు. చాట్‌జీపీటీని వారానికి 80 కోట్ల మంది వాడుతున్నారని, వాళ్లలో 0.15 శాతం మంది మాటల్లో ఆత్మహత్యకు సిద్ధపడుతున్న సూచనలు స్పష్టంగా కనిపిస్తున్నాయని దాన్ని నడిపే ఓపెన్ఏఐ కంపెనీయే 2025 అక్టోబర్‌లో చెప్పింది. అంటే ప్రతి వారం పది లక్షలకు పైగా మనుషులు.

ఇంకొన్ని సందర్భాల్లోనూ చాట్‌బాట్ జోలికి పోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. ఎవరూ లేకుండా మాటలు వినపడుతున్నా, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా అనిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా ఒంట్లో ఉత్సాహం పొంగుతూ డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చవుతున్నా వెళ్లండి. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేసి వణుకుతున్నా అంతే. బాలింత దిగులుగా ఉండి బిడ్డను దగ్గరకు తీసుకోకపోతే ‘పచ్చి ఒళ్లు కదా, అదే సర్దుకుంటుంది’ అనకండి. ఇక పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల చేతికి దీన్ని ఓదార్పు కోసం ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం.

ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకుని మొదలుపెట్టండి

1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. మనం చెప్పిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ‘అమ్మ మీద కోపంగా ఉంది’ అంటే ‘మీ కుటుంబం గురించి ఇంకొంచెం చెప్పండి’ అనే తరహా. అది తయారవుతున్నంత కాలం కళ్లారా చూసిన ఆయన సెక్రటరీ కూడా, దానితో కాసేపు మాట్లాడాక, ఆయన్ని గది బయటికి వెళ్లమని అడిగిందట. వినే దిక్కు దొరికితే మనిషి మనసు అంత తొందరగా విచ్చుకుంటుంది. ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్నది ఎలైజా కంటే ఎన్నో రెట్లు తెలివైనది కాబట్టి మీరు ఇంకా తొందరగా నమ్మేస్తారు. అది మీ తప్పు కాదు, కానీ తెలిసి ఉండటం మంచిది.

వీటిలో రెండు రకాలున్నాయి. చాట్‌జీపీటీ, జెమినై లాంటివి అన్ని పనులకూ పనికొచ్చేలా చేసినవి. రెజ్యూమే రాసేదీ అదే, మీ కన్నీళ్లకు జవాబిచ్చేదీ అదే. రెండో రకం మనసు బాగు కోసమే చేసినవి. బెంగళూరులోనే పుట్టిన వైసా అలాంటిది. పెంగ్విన్ బొమ్మ పలకరిస్తుంది, ఆలోచనల్ని పట్టి చూసుకునే సీబీటీ వ్యాయామాలు చేయిస్తుంది. మాటకారితనం తక్కువే గానీ, హద్దు దాటదు. ఆందోళన, నిద్రపట్టకపోవడం లాంటి వాటికి నేనైతే ముందు ఈ రెండో రకాన్నే చూడమంటాను.

2025 మార్చిలో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీ పరిశోధకులు థెరాబాట్ అనే తమ చాట్‌బాట్‌పై ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో లక్షణాలు సగటున 51 శాతం తగ్గాయి. ఇది చూపించి ‘ఏఐ థెరపీ పనిచేస్తుందట’ అని వాట్సాప్‌లో పంపే ముందు ఇంకో సంగతి కూడా చూడాలి. దాన్ని ఆ పని కోసమే ఏళ్ల తరబడి తయారుచేశారు, ట్రయల్ నడిచినన్నాళ్లూ మనుషులు వెనక కూర్చుని ఆ సంభాషణల్ని గమనించారు. మీ రాత్రి చాట్‌ను అలా గమనించే మనిషి లేడు. పైగా ఈ యాప్‌లు ఎప్పటికీ ఉంటాయనే పూచీ లేదు. లక్షల మంది వాడిన వోబాట్ అనే ఇలాంటి యాప్ 2025 జూన్ 30న మూతపడింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం అదే ఏడాది ఆగస్టులో ఏఐతో థెరపీ చేయించడాన్ని చట్టం చేసి మరీ నిషేధించింది.

రాసే ముందు తలుపులు వేసుకోండి

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు, ఆఫీసు మెయిల్ ఐడీతో తెరిచిన అకౌంట్‌లో అసలే వద్దు. ఆ అకౌంట్ మీద పెత్తనం కంపెనీది. సొంత ఫోన్, సొంత ఐడీ వాడండి. పీజీలో ఫోన్లు చేతులు మారుతుంటాయి కాబట్టి యాప్‌కు లాక్ పెట్టండి, నోటిఫికేషన్లు స్క్రీన్ మీద కనపడకుండా ఆపండి.

చాట్‌జీపీటీ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌కు వెళ్లి, మీ మాటల్ని మోడల్ శిక్షణకు వాడుకునే ఆప్షన్‌ను ఆపేయండి. మరీ గోప్యమైనదైతే టెంపరరీ చాట్ వాడండి. అది హిస్టరీలో మిగలదు. అయినా కంపెనీ దగ్గర 30 రోజుల దాకా ఉండొచ్చు. అందుకే పేర్లు మార్చి రాయండి. మీ కంపెనీ పేరు, మేనేజర్ పేరు, ఆధార్ నంబర్, మెడికల్ రిపోర్టు ఫోటో, భార్యాభర్తల ప్రైవేటు సంగతులు, ఇవేవీ మీకు జవాబు రావడానికి అవసరం లేదు. ‘టీమ్ లీడ్’ అంటే చాలు, దానికి అర్థమవుతుంది.

సైకియాట్రిస్టు దగ్గర చెప్పుకున్నదానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రక్షణ ఇస్తుంది. 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లది. చాట్‌బాట్‌కు చెప్పినదానికి డాక్టర్‌కు, లాయర్‌కు చెప్పినట్టు చట్టపరమైన గోప్యత లేదని ఓపెన్ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మనే 2025 జూలైలో ఒక పాడ్‌కాస్ట్‌లో ఒప్పుకున్నాడు. విడాకుల కేసో, ఆఫీసులో కంప్లయింటో నడుస్తున్నవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

ఇప్పుడు రాయండి, కానీ ఇలా రాయండి

‘మనసు బాగోలేదు’ అని రాస్తే ‘మీ బాధ నాకు అర్థమవుతోంది, నీళ్లు తాగండి, లోతుగా ఊపిరి పీల్చండి’ అనే మూస జవాబే వస్తుంది. మన బాధ ఎక్కువగా ఒంటి ద్వారా బయటపడుతుంది కాబట్టి ఒంటి సంగతులతో మొదలుపెట్టండి. ఎన్ని గంటలకు పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఏం తిన్నారు, దడ ఎప్పుడు వస్తోంది, ఇది ఎన్ని వారాలుగా ఉంది? ఉదాహరణకు ఇలా:

‘నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మూడు వారాలుగా తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వస్తోంది. ఆదివారం సాయంత్రం నుంచి గుండెదడ. పొద్దున టిఫిన్ సయించడం లేదు. టీమ్‌లో నలుగురిని తీసేశారు. నాకు సలహాలు ఇవ్వకుండా, ఒక్కోసారి ఒక్కో ప్రశ్న అడుగు. రోగం పేరు పెట్టవద్దు. చివర్లో నేను చెప్పినదంతా డాక్టర్‌కు చూపించేలా పది వాక్యాల్లో రాసి ఇవ్వు.’

ఇందులో చివర్లో పెట్టిన షరతులు ముఖ్యం. సలహాలు ఆపమంటే అది వినడం మొదలుపెడుతుంది. ఒక్కో ప్రశ్న అడగమంటే మీరు తేరుకుని ఆలోచిస్తారు. రోగం పేరు పెట్టొద్దంటే, ఆ పేరు పట్టుకుని మీరు తెల్లారేదాకా రీల్స్ చూడకుండా ఉంటారు. ఈ మధ్య మన ఆఫీసుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరు ‘నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) అనుకుంటా’ అంటున్నారు. నిజంగా ఉన్నవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ థైరాయిడ్ తగ్గినా, బీ12 లోపించినా, రక్తం తక్కువగా ఉన్నా మనిషి నీరసంగా, దిగులుగా, దేనిమీదా ధ్యాస నిలవకుండా అయిపోవచ్చు. డాక్టర్ అయితే రక్తపరీక్ష రాస్తారు. చాట్‌బాట్ మీరు చెప్పినదాన్ని బట్టి మాత్రమే మాట్లాడుతుంది.

తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసే అలవాటుంటే, ఈ ఒక్క పనికి తెలుగు లిపి గానీ, మైక్ నొక్కి మాట్లాడటం గానీ ప్రయత్నించండి. మనం ‘చచ్చాన్రా బాబూ ఈ ట్రాఫిక్‌తో’ అని రోజుకు పదిసార్లు అంటాం, అది చూసి చాట్‌బాట్ వెంటనే హెల్ప్‌లైన్ నంబర్ ఇచ్చేయవచ్చు. నిజంగా విసిగిపోయి ‘ఇంక చాలు, నా వల్ల ఎవరికి ఏం సుఖం’ అన్నప్పుడు మామూలుగా దాటేయనూవచ్చు. చెప్పదలచుకున్నది మెలిక లేకుండా, సూటిగా చెప్పండి.

మందుల గురించి ఒక్క మాటే: ఏది వేసుకోవాలో, ఎంత తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో దాన్ని అడగొద్దు. డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి ఆపితే తలతిరుగుడు, వికారం, చిరాకు రావొచ్చు. మందు తగ్గించే పద్ధతి మీకు రాసిచ్చిన డాక్టర్‌కే తెలుసు.

అది ఊ కొడుతున్నప్పుడు ఆపండి

ఇది అన్నిటికంటే పెద్ద చిక్కు. మనం తానా అంటే చాట్‌బాట్ తందానా అంటుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి ఒక అప్‌డేట్ ఇచ్చాక అది ప్రతి మాటకూ భజన చేయడం మొదలుపెట్టింది. జనం గోల చేస్తే కంపెనీ కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ జబ్బు పూర్తిగా పోయేది కాదు. మనకు నచ్చే జవాబుకు మార్కులు వేస్తూ నేర్పిన యంత్రం మనకు నచ్చేదే చెబుతుంది.

ఇంట్లో గొడవల్లో ఇది ఎంత దూరం పోతుందో చూడండి. సంక్రాంతికి నెల్లూరు వెళ్లాలా, కర్నూలు వెళ్లాలా అని భార్యాభర్తలకు మాటామాటా పెరిగింది అనుకుందాం. ఆయన హాల్లో కూర్చుని తన వైపు కథ రాస్తాడు: ‘మీరు పడుతున్నది ఎమోషనల్ ఒత్తిడి, మీ హద్దులు మీరు కాపాడుకోవాలి’ అని వస్తుంది. ఆమె బెడ్‌రూమ్‌లో తన వైపు రాస్తుంది: ‘మీ భావాలకు విలువ దక్కడం లేదు’ అని వస్తుంది. ఇద్దరికీ తీర్పు అనుకూలమే. పొద్దున ఇద్దరూ కొత్త మాటలు నేర్చుకుని మళ్లీ మొదలుపెడతారు. ‘టాక్సిక్’ అనే మాట రాక ముందు మనవాళ్లు పోట్లాడుకున్నారు, రాజీ కూడా పడ్డారు.

కాబట్టి మీ కథ చెప్పాక తప్పకుండా ఇవి అడగండి. ‘ఎదుటి మనిషి ఇదే సంగతి చెబితే ఎలా చెబుతారో రాయి.’ ‘నేను చెప్పకుండా వదిలేసినవి ఏమై ఉండొచ్చు?’ ‘నేను చెప్పినదాంట్లో నువ్వు ఒప్పుకోనిది ఒకటి చెప్పు.’ జవాబు చదువుతున్నప్పుడు కొంచెం గుచ్చుకుంటే అది సరిగ్గా పనిచేస్తున్నట్టే. ఉద్యోగం మానేయడం, విడిపోవడం, అన్నదమ్ములతో మాటలు మానేయడం లాంటి నిర్ణయాల మీద దాని తీర్పు అడగనే వద్దు.

అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారా అన్నది కూడా గమనించండి. ‘నేను పంపిన మెయిల్ వాళ్లకు తప్పుగా అనిపిస్తుందా?’ ‘ఈ మచ్చ క్యాన్సర్ కాదు కదా?’ ‘గ్యాస్ కట్టేశానంటావా?’ ఇంట్లోవాళ్లైతే మూడోసారికి విసుక్కుంటారు. చాట్‌బాట్ నూరోసారి కూడా అంతే ఓపికగా ‘కంగారు పడకండి’ అంటుంది. వినడానికి మంచిదే. కానీ ఓసీడీ (ఒకే అనుమానం పదేపదే వెంటాడే జబ్బు) ఉన్నవాళ్లకు ఆ భరోసానే జబ్బుకు మేత. భరోసా దొరికిన కొద్ది నిమిషాలు హాయి, ఆ తర్వాత అనుమానం ఇంకాస్త బలంగా తిరిగొస్తుంది. ఈ లక్షణం మీలో కనిపిస్తే చాట్ ఆపి క్లినికల్ సైకాలజిస్టును కలవండి. దీనికి పద్ధతిగా చేసే థెరపీ ఉంది, బాగా పనిచేస్తుంది.

గడియారం పెట్టుకోండి

ఇరవై నిమిషాలు చాలు, అదీ పడక మీద కాకుండా కుర్చీలో కూర్చుని. ఓపెన్ఏఐ, ఎంఐటీ మీడియా ల్యాబ్ కలిసి దాదాపు వెయ్యి మందిని నాలుగు వారాలు గమనించిన అధ్యయనం 2025 మార్చిలో వచ్చింది. రోజూ ఎక్కువసేపు మాట్లాడినవాళ్లలో ఒంటరితనం, దానిమీద ఆధారపడటం ఎక్కువగా కనిపించాయి. ఒంటరితనం వల్ల ఎక్కువ వాడుతున్నారా, వాడటం వల్ల ఒంటరులవుతున్నారా అన్నది దాంతో తేలిపోయే విషయం కాదు. మీ విషయంలో మాత్రం మీరే తేల్చుకోవచ్చు. శుక్రవారం టీ బ్రేక్‌కు పిలిస్తే వెళ్లకుండా చాట్ తెరుస్తున్నారా? అక్క ఫోన్ చేస్తే ‘బిజీగా ఉన్నాను’ అని పెట్టేసి దానికి చెప్పుకుంటున్నారా? అయితే వారం పాటు యాప్ తీసేయండి. అలా తీసేయడమే కష్టంగా ఉంటే నిమ్‌హాన్స్‌లో షట్ క్లినిక్ ఉంది. ఫోన్, గేమ్స్, ఇంటర్‌నెట్ వాడకం చేయి దాటినవాళ్ల కోసమే దాన్ని 2014లో మొదలుపెట్టారు.

రాసినదాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లండి

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని చెడితే ఇక చాట్‌తో లాగకండి. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, డాక్టర్లూ వాడతారు. మొత్తం 27 మార్కుల్లో పది, ఆపైన వస్తే డాక్టర్‌ను కలవాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవడం, ఒంటికి హాని చేసుకోవడం గురించిన ఆలోచనల మీద. దానికి సున్నా తప్ప ఏ జవాబైనా, మిగతా మార్కులు చూడకుండానే మనిషితో మాట్లాడండి.

ఎక్కడికి వెళ్లాలి? నిమ్‌హాన్స్ ఓపీడీ హోసూరు రోడ్డులో. పొద్దున్నే వెళ్లండి, సగం రోజు పట్టొచ్చు, సెలవు పెట్టుకోవడం మేలు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు అప్పటికే లైన్లో ఉంటారు, తెలుగు మాటలు మీ చెవిన పడుతూనే ఉంటాయి. పెద్దాసుపత్రి పేరు వింటేనే బెరుకు అనుకుంటే, బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. ఒత్తిడి, సంబంధాల చిక్కులతో వెళ్లేవాళ్లకు అది సౌకర్యం. ముందు ఫోన్ చేసి వెళ్లండి. కోరమంగల వైపు ఉన్నవాళ్లకు సెయింట్ జాన్స్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. మీ కంపెనీలో ఈఏపీ పేరుతో ఉచిత కౌన్సెలింగ్ ఉండవచ్చు. హెచ్ఆర్‌ను అడగకుండానే బెనిఫిట్స్ పేజీలో నంబర్ వెతుక్కోవచ్చు.

ప్రైవేటులో వెళ్తే ఇద్దరి మధ్య తేడా తెలుసుకోండి. మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు, ఆయన ఎంబీబీఎస్ చదివిన డాక్టర్. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడగడంలో మొహమాటం వద్దు. ‘తెలుగులో మాట్లాడతారా?’ అని కూడా బుక్ చేసే ముందే అడగండి. బెంగళూరులో తెలుగు వచ్చిన డాక్టర్లకు కొదవ లేదు, అడగకపోతే తెలియదంతే. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ చూడండి. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. ఓపీడీ ఖర్చు వస్తుందా రాదా అన్నది మాత్రం పాలసీని బట్టి ఉంటుంది.

చాట్‌బాట్ రాసిచ్చిన పది వాక్యాలు ఉన్నాయి కదా, వాటిని చదివి తప్పులు దిద్ది, కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. వాడుతున్న మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా, తాగుడు అలవాటు ఎంత అనేవి కింద చేర్చండి. డాక్టర్ ముందు గొంతు పెగలకపోతే కాగితం ఇచ్చేయండి. ఫోన్‌లో ఏం మాట్లాడుతున్నారో కూడా దాచకుండా చెప్పండి: ‘మూడు నెలలుగా రాత్రిళ్లు చాట్‌బాట్‌తో మాట్లాడుతున్నాను డాక్టర్ గారూ, అది ఇలా చేయమంది, నేను ఇలా చేశాను.’ నాటుమందు వాడినా చెప్పాలి కదా, ఇదీ అంతే.

థెరపీ మొదలయ్యాక చాట్‌బాట్‌ను పూర్తిగా మానక్కర్లేదు. థెరపిస్ట్ ఇచ్చిన హోంవర్క్ గుర్తుచేయమనండి. వారంలో దడ వచ్చిన రోజులు, వేళలు రాసిపెట్టమనండి. నాన్నకు ఫోన్‌లో ఈ సంగతి ఎలా చెప్పాలో ఒకసారి రిహార్సల్ వేయండి. నాన్నలా మాట్లాడమంటే ‘ఏమైందిరా, డబ్బులేమైనా కావాలా?’ అనే దగ్గరే మొదలుపెట్టమనండి. అక్కడి నుంచి అసలు సంగతికి రావడానికి రెండు మూడు దారులు సిద్ధం చేసుకుని, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనకు ఫోన్ చేయండి.